ఇంటి కొలువు, చిన్న సుఖములు



హైదరాబాదు నగరమునుండి ఉత్తరముగా సాగు పెద్ద బాటలు రెండు కలవు. కొంపల్లి, కండ్లకోయల మీదుగా మేడ్చల్ చేరి, అటనుండి నిజామాబాదు, నాగపూరుల దిక్కుగా పోవు 44వ నంబరు జాతీయ రహదారి ఒకటి. అల్వాల్, హకీంపేటలు దాటి, శామీర్‌పేట పెద్దచెరువును ప్రక్కన పెట్టుకొని కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారి రెండవది. ఈ రెంటి నడుమనున్న నేల ఒకనాడు ద్రాక్షపందిళ్ళకు పేరుపడినది. అనాబ్-ఎ-షాహి గుత్తులను బుట్టలకెత్తి నగరమునకు పంపిన ఆ తోటలలో చాలభాగము నేడు ప్లాట్లుగా విడిపోయి, కాలనీలై, అంతస్తుల మేడలై, ప్రహరీగోడల నడుమ వరుసలు తీరిన విల్లాలై నిలిచినది. ఆ యిండ్లలో కాపురమున్న సాఫ్ట్‌వేరు ఉద్యోగుల కచేరీలు మాత్రము నగరమునకు పడమటి కొసన, మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతములందున్నవి. 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి వాజపేయిగారు సైబర్ టవర్స్‌ను ప్రారంభించిననాటినుండి పడమట పెరుగుచు వచ్చిన ఆ ఉద్యోగనగరమునకును, ఉత్తరమున పెరిగిన ఈ నివాసనగరమునకును నడుమ, ఔటర్ రింగు రోడ్డుమీద పోయినను, ఇంచుమించు 40 కిలోమీటర్ల దూరమున్నది.

2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ అమలునకు వచ్చినప్పుడు ఆ దూరము ఒక్క రాత్రిలో నిరర్థకమైపోయినది. కచేరి తానే నడచివచ్చి ఇంటిలో కూర్చున్నది. అంతకుముందు, టెలిఫోనుమీద సేవలందించు కేంద్రములలోని ఉద్యోగులు ఇంటినుండి పనిచేయవలెనన్నచో వారి సంస్థలు కేంద్ర టెలికాం శాఖకు ధరావతు చెల్లించి, ఒడంబడిక వ్రాసి ఈయవలసియుండెడిది. ఆ నిబంధనలు ఆ మార్చి నెలలోనే సడలినవి, అదే సంవత్సరము నవంబరు 5న వెలువడిన క్రొత్త మార్గదర్శకములతో చాలవరకు తొలగిపోయినవి. ప్రత్యేక ఆర్థిక మండలములలోని సంస్థలకు సైతము 2022 జూలైలో ఇంటి కొలువునకు అనుమతినిచ్చు నియమము ఏర్పడినది. చట్టముల కథ ఇంతటితో చాలును. ఈ పూట నేను ప్రస్తావింపదలచినది వానికంటె చాల చిన్న విషయము: ఇంట కూర్చుండి పనిచేయువారు తమ దినమును చెదరిపోకుండ నిలుపుకొనుటకు కల్పించుకొను చిన్న చిన్న అలవాట్లు, వానివలన కలుగు చిన్న చిన్న సుఖములు.

ఈ సుఖములను తేలికగా చూచువారు పెద్దలలో కలరు. ఎండలో తిరుగక, బస్సులో నిలువక, ఇంటిపట్టుననే ఉండి జీతము తీసికొనువానికి ఇంకను సుఖములెందుకని వారి అభిప్రాయము. నేను ఆ అభిప్రాయముతో ఏకీభవింపజాలను. కచేరికి పోవు ఉద్యోగికి అతని దినమును గడియలుగా పంచిపెట్టుటకు ఎందరో సహాయకులున్నారు. ఉదయము వీధి మలుపున వచ్చి నిలుచు కంపెనీ బస్సు, ద్వారమువద్ద గుర్తింపు కార్డును చూచి లోనికి విడుచు కాపలాదారు, మధ్యాహ్నము స్నేహితులతోకూడ పిలుచు భోజనశాల, చీకటిపడువేళకు తిరుగుముఖము పట్టు అదే బస్సు, వీరందరు కలిసి అతనికి తెలియకుండగనే అతని పనికి ఆద్యంతములను, నడుమ నడుమ విరామములను ఏర్పరచుచుందురు. ఇంటనున్నవానికి వీరిలో ఒక్కరును లేరు. వీరందరు చేయు పనిని అతడు ఒక కిటికీతోను, ఒక గ్లాసు చాయ్‌తోను, ఒక చిన్న నడకతోను తానే నెరవేర్చుకొనవలసియున్నది. కావున ఈ అలవాట్లను నేను పనికి అంగములుగనే ఎంచుదును.

అసలు ఇంట కూర్చుండి పనిచేయుట మన దేశమునకు క్రొత్తది కాదు. పోచంపల్లియందుగాని, ఆలేరు చుట్టుప్రక్కల పల్లెలయందుగాని ఏ పద్మశాలీల ఇంట అడుగుపెట్టినను ముందుగదిలోనే గుంటమగ్గము కనబడును. నేలలో గుంట త్రవ్వి, అందులో కాళ్ళు వ్రేలాడవైచి కూర్చుండి, తొక్కుడుకర్రలను పాదములతో ఆడించుచు నేయు ఆ ఏర్పాటులో ఎంత ఆలోచన ఇమిడియున్నదో గమనింపుడు. నేలలోని చల్లదనము నూలునకు మేలుచేయును. మగ్గము ఇంటికి వెలుగు వచ్చు వైపున ఉండును. దాని చుట్టు ఇంటివారి నడకకు చోటు విడిచియుండును. పనివేళ ఎవరు ఏ వైపునుండి పోవలెనో, దారము తెగినప్పుడు ఎవరు వచ్చి అతుకవలెనో పసిపిల్లలకు సైతము తెలిసియుండును. ఆ ఇల్లు పనికొరకే కట్టిన ఇల్లు. నేటి మన ఫ్లాటులు అట్టివి కావు. అవి పగలు ఇంటివారు వెలుపల ఉందురను లెక్కతో కట్టినవి. పడకగదిలో పడకకు, వంటగదిలో వంటకు, హాలులో టీవీకి చోటున్నది కాని, పనికి మాత్రము చోటు లేదు. ఈ లోటే నేటి ఇంటి కొలువులోని కష్టములు చాలవానికి మూలము.

నేతవారి ఇండ్లలోనైనను సర్వము సుఖముగా ఉండెనని నేను చెప్పబోవుట లేదు. చీరను మగ్గముపైకి ఎక్కించుటకు ముందు ఆసుపోయుట అను పని ఒకటి కలదు. అర్ధచంద్రాకారముగా నాటిన మేకుల చుట్టు దారమును చేతితో ఇటునటు త్రిప్పుచు తీయు ఈ పని అనాదిగా ఇంటి ఆడువారిదే. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు ముందునకు వెనుకకు ఆడవలెనని చెప్పుదురు. గంటలకొలది సాగు ఆ శ్రమవలన భుజములు, మోచేతులు పీకి నిదురలేని రాత్రులు గడపిన తల్లి లక్ష్మిగారిని చూచి, ఆలేరు సమీపమునందలి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశంగారు, పెద్ద చదువులు లేకున్నను, ఏండ్లతరబడి పాటుపడి 1999లో ఆసుయంత్రమును పూర్తిచేసినారు. దానికి తల్లి పేరే పెట్టినారు. 2017లో ప్రభుత్వము వారికి పద్మశ్రీ పురస్కారమిచ్చి గౌరవించినది. ఇంటిలో జరుగు పనికి సుఖము కల్పించుట ఎంత ఘనమైన కార్యమో చెప్పుటకు ఇంతకంటె గొప్ప నిదర్శనము నాకు తెలియదు. నడుము నొచ్చుచున్నదని మంచి కుర్చీ కొనుక్కొన్న సాఫ్ట్‌వేరు యువకుని చూచి నవ్వువారు ఈ కథను ఒకమారు స్మరింతురుగాక.

మేడ్చల్ దారినే ఇంకను ఉత్తరముగా పోయినచో కామారెడ్డి, నిజామాబాదు పల్లెలలో చేటనిండ తునికాకు, ఒడిలో తంబాకు పెట్టుకొని అరుగులమీద బీడీలు చుట్టు స్త్రీలు వేలకొలదిగా కనబడుదురు. ఇంట కూర్చుండి పనిచేయువారును కార్మికులేయని మన శాసనములు ఆ స్త్రీల విషయముననే స్పష్టముగా పలికినవి. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టము, యజమాని యిచ్చిన సరకుతో తన ఇంటనే బీడీలు చుట్టు మనిషిని ఉద్యోగి నిర్వచనములో చేర్చినది. అంతర్జాతీయ కార్మిక సంస్థ గృహకార్మికులకై ప్రత్యేకముగా ఒక ఒడంబడికను చేసినది 1996లో. అనగా, లాప్‌టాప్ మూత తెరచి లాగిన్ అయిన నేటి ఉద్యోగికి అర్ధశతాబ్దమునకు పైగా ముందుగా, ఆకు కత్తిరించుకొనుచున్న తల్లి ఇంటి కొలువునకు చట్టములో స్థానము సంపాదించి పెట్టినది.

ఉద్యోగస్థులు సైతము ఇంటనుండి పనిచేసిన దినములు లేకపోలేదు. మన తెలంగాణ పల్లెలలో పట్వారీ దఫ్తరు అతని ఇంటి అరుగే. మోకాళ్ళ ఎత్తున ఏటవాలు పెట్టె యొకటి ముందు పెట్టుకొని, బాసెపట్టు వేసికొని, పహాణీలు వ్రాసికొన్న ఆ కాలమున ఇంటికిని కచేరికిని నడుమ గడప ఒక్కటే హద్దు. ఇక కవుల సంగతి చెప్పనేల? శ్రీకృష్ణదేవరాయల ఆస్థానమున ప్రఖ్యాతి గాంచిన అల్లసాని పెద్దన, కావ్యము వ్రాయవలెనన్న తనకు ఏమేమి అమరవలెనో లెక్కపెట్టి చెప్పిన చాటువును ఎరుగని తెలుగువారు అరుదు. చీకాకులేని తావు మొదలుకొని విడెము, మనసునకు నచ్చిన తిండి, ఊగుటకు మంచము, వినుటకు రసికులు, వ్రాసిపెట్టుటకు సమర్థులు, ఇన్నియు కావలెనన్న ఆ మహాకవిని మనము నేటివరకు మెచ్చుకొనుచునే యున్నాము. మనసుతో చేయు పనికి శరీరము నెమ్మదిగా ఉండవలెనని పదునారవ శతాబ్దమున పెద్దనకు తెలిసిన సత్యమును మనము నేడు సాఫ్ట్‌వేరు వ్రాయువారి విషయమున నిరాకరింపదగదు.

ఇక నేటి దినచర్యకు వత్తము. ఉదయమున పనికి పూర్వము ఒక ఆరంభ చిహ్నము ఉండవలెను. పూర్వము అది ప్రయాణము. మంచముమీదనుండి లేచి, పది అడుగులు నడచి, అదే లుంగీతో కుర్చీలో కూర్చున్నవాని మనస్సు మధ్యాహ్నమువరకు పనిలోనికి ప్రవేశింపదు. ఈ ప్రాంతమున అనుభవశాలులైనవారు చేయుచున్నదేమనగా, పనికి ముందు ఒకమారు ఇల్లు విడిచి వెలుపలికి పోవుదురు. శామీర్‌పేటవారైన చెరువుకట్టమీదను, మేడ్చల్‌వారైన తమ కాలనీ చుట్టును, నీరెండలో అరగంట నడచి, ఇంటికి తిరిగివచ్చుటనే కచేరికి వచ్చుటగా భావించుకొందురు. నిజాముల కాలమునాటి ఆ పెద్దచెరువు వానలు బాగుగా పడిన ఏట నిండుగా ఉండును, ఎండలు ముదిరిన ఏట నడిబొడ్డున మాత్రమే మెరయును. ఏ స్థితిలోనున్నను దాని కొంగలును, కట్టమీద మైసమ్మకు మ్రొక్కి పోవు లారీ డ్రైవర్లును నడచువాని కన్నులకు తెరపై దొరకని దూరమును చూపుదురు. నడక ముగిసిన పిమ్మట స్నానము, వీధిలోనికి పోదగిన వస్త్రము. పై అంగీ మాత్రమే మార్చుకొని కెమెరాముందు కూర్చుండువారు కలరని వినుచున్నాము. వస్త్రము ఇతరులకొరకు ధరించునది అనుకొన్నచో అది చాలును. తన మనస్సునకు తాను పంపు కబురు అనుకొన్నచో చాలదు.

రేడియోలో మాటలాడుచున్నాను గనుక ఇచటనే ఒక మాట చెప్పనిండు. మన ఆకాశవాణి ప్రాతఃప్రసారమునకు ముందు వినవచ్చు ఆ వయొలిన్ స్వరము, చెకొస్లొవేకియా ప్రాంతమునుండి బొంబాయికి వచ్చి చేరిన వాల్టర్ కాఫ్‌మన్ 1930 దశకమున కూర్చినది. తరతరములుగా ఎన్నో ఇండ్లలో పొయ్యి రాజుకొనుటకు, బడిపిల్లలు లేచుటకు, పొలమునకు పోవువారు కండువా భుజమున వేసికొనుటకు అదియే ఆనవాలు. భక్తిరంజని సాగుచుండగా పాలు కాగినవి, వార్తలు చదువుచుండగా చాయ్ దిగినది. గడియారమువైపు తల త్రిప్పనక్కరలేకుండ కాలమును చెవినిడు సహచరుడు ఇంట ఉండుట పనిచేయువానికి గొప్ప ఉపకారము. నేడు అది రేడియోయే కానక్కరలేదు. తులసికోట వద్ద తల్లి వెలిగించు దీపము, వీధిలో కూరలబండివాని కేక, మేడ్చల్ స్టేషనులో ఆగి కదలు రైలు కూత, ఏదైనను కావచ్చును. ఆ శబ్దము వినబడినప్పుడు పని మొదలుపెట్టుట, మరియొక శబ్దము వినబడినప్పుడు లేచి నిలుచుండుట అలవడినవాడు సగము అలసటను తప్పించుకొనును.

కూర్చుండు చోటు గురించి ఎంత చెప్పినను తక్కువే. సొంతముగా ఒక గది ఉన్నవారు అదృష్టవంతులు. లేనివారు ఒక మూలనైనను నిర్ణయించుకొనవలెను, దానిని ప్రతిదినము మార్చరాదు. ఆ మూల మంచము కాకూడదు. నిదురించు చోట పని, పనిచేయు చోట నిదుర, ఈ రెండును కలిసినచో రెండును చెడును. కిటికీ ప్రక్కగా ఉండవలెనే కాని ఎదురుగను వెనుకగను ఉండరాదు. ఎదురైన కన్నులు చెదరును, వెనుకైన తెరపై వెలుగు పడును. లాప్‌టాప్‌ను బల్లపై అట్లే పెట్టి పనిచేయువాని మెడ దినమంతయు వంగియే ఉండును. దాని క్రింద నాలుగు లావాటి పుస్తకములు పేర్చి తెరను కంటి మట్టమునకు తెచ్చి, వేరుగా ఒక కీబోర్డు తగిలించుకొన్న చాలును, వేలు పోసి కొను సామగ్రితో పనిలేదు. తెరవైపు తదేకముగా చూచువారి రెప్పపాటు సగమునకంటె తగ్గిపోవునని, కన్నులు పొడిబారుటకు అదియే హేతువని కంటి వైద్యులు చెప్పుదురు. ఇరువది నిమిషముల కొకమారు, ఇరువది అడుగుల దూరమునందున్న దానిని, ఇరువది సెకనులపాటు చూడుమని వారి సలహా. మన ఇండ్ల కిటికీల నుండి ఇరువది అడుగుల దూరమున ఒక వేపచెట్టు ఉన్నచో ఈ సలహా పాటించుట ఆనందము; ఎదుటి మేడ గోడ మాత్రమే ఉన్నచో అది ఔషధసేవ. ఇల్లు కట్టుకొనువారు, కాలనీలకు అనుమతులిచ్చువారు ఈ సంగతిని కూడ ఆలోచింతురుగాక.

ఈ ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కులు కొన్ని కలవు. హకీంపేటలోను, దుండిగల్‌లోను వైమానిక దళ కేంద్రములుండుటచే శిక్షణ విమానములు తరచుగా తలపైననే తిరుగును. సరిగా అమెరికావారితో మాటలాడుచుండగనే ఒకటి పైనుండి పోవును. వేసవి మధ్యాహ్నములందు, గాలివాన సాయంకాలములందు కరెంటు పోవుటయు కలదు. ఇన్వర్టర్ ఉన్న ఇంట ఫ్యాను తిరుగును కాని వైఫై పెట్టెను దానికి తగిలించుట మరచినచో మీటింగు నడుమనే తెగును. ఇట్టి వానికి ఓర్పు ఒక్కటే ఉపాయము కాదు, ముందు జాగ్రత్త కూడ ఉపాయమే. మొదటి రోజులలో ప్రెషర్ కుక్కరు కూతకు కంగారుపడిన ఉద్యోగులు, ఆ కూత అందరి ఇండ్లలోను వినవచ్చుటచే, క్రమముగా దానిని మన్నింప నేర్చుకొన్నారు. కంపెనీల పెద్దలు సైతము మీటింగులో ప్రక్కగదినుండి పసిబిడ్డ ఏడ్పు వినబడినచో చిరునవ్వుతో ఆగుట నేర్చుకొన్నారు. ఈ మర్యాద ఇంటి కొలువు మన సంఘమునకు చేసిన మేళ్ళలో ఒకటి, దానిని పోగొట్టుకొనరాదు.

చాయ్ విషయమునకు వచ్చితిని. పదిన్నరకు ఒకటి, నాలుగింటికి ఒకటి, ఈ రెండు చాయ్‌లు ఇంటి కొలువునకు రెండు స్తంభములు. కచేరిలో యంత్రము మీట నొక్కిన వచ్చు చాయ్‌కిని దీనికిని పోలిక లేదు. చిక్కని బర్రెపాలు పొంగువరకు ఆగుట, అల్లపుముక్కను చిన్న రోటిలో నలియగొట్టుట, చాయ్‌పత్తి రంగు దిగువరకు మంట తగ్గించి నిలుచుండుట, వడబోసి గ్లాసులో పోయుట, ఇంతసేపు చేతులు కీబోర్డును విడిచి మరియొక పనిలో ఉండును. మనస్సు చిక్కుముడిని తనంతట తాను విప్పుకొనుచుండును. ఎదుట కూర్చున్న చిక్కు ప్రశ్నకు సమాధానము అల్లము దంచుచుండగా తట్టినదని చెప్పినవారు ఒకరిద్దరు కారు. అయితే ఒక్క నియమము. ఆ గ్లాసును తెరముందునకు తీసికొనిపోరాదు. తీసికొనిపోయినచో ఒక గుక్క వేడిగను, తక్కినది చల్లారి తరక కట్టినదిగను త్రాగవలసివచ్చును. అది విరామమును కాదు, పనియు కాదు. వరండాలోనో, మెట్లమీదనో, ఇంటి పెద్దవారి ప్రక్కనో కూర్చుండి, ఉస్మానియా బిస్కట్టును ముంచుకొని, పావుగంట వారి మాటలు వినుచు త్రాగినదే చాయ్. పగటిపూట తమ బిడ్డలు ఇంట ఉండగా చూచుట పదేండ్లుగా మరచిపోయిన తల్లిదండ్రులకు ఆ పావుగంట ఎంతటిదో ఆ ఉద్యోగులు అడిగి తెలిసికొందురుగాక.

ఋతువులను మరల ఎరుగుట మరియొక సుఖము. ఏసీ గదిలో ఏడాదియంతయు ఒకే చలిలో కూర్చున్నవారు ఏ నెలలో ఏది పండునో మరచియుండిరి. ఇంట ఉన్నవారికి వేసవిలో ముంజలవాని కేక వినబడును. వానకాలమున శామీర్‌పేట రోడ్డు ప్రక్కన బొగ్గులపై కాల్చు మక్కకంకుల వాసన సాయంకాలపు నడకలో ఎదురగును. దసరా దాటువేళకు గుట్టలనుండి గంపలలో సీతాఫలములు దిగును. సంక్రాంతికి సకినములు చుట్టు బియ్యపుపిండి తెల్లదనము హాలంతయు పరచుకొనును. నాలుగింటివేళకు సర్వపిండి ముక్క యొకటి, అడుగు మాడి కరకరలాడునది, చేతికందినచో ఆ గంటలో వ్రాసిన కోడ్‌లో తప్పులు తక్కువగా ఉండునని ఎవరైన వాదించిన నేను అడ్డుచెప్పను. మధ్యాహ్నభోజనము మాత్రము మితముగా ఉండవలెను. ఇంట వంటగది దగ్గర గనుక తినుట ఎక్కువై, నడక తక్కువై, ఒళ్ళు బరువెక్కి బాధపడువారు చాలమంది కలరు. అన్నము పెరుగుతో ముగించి, పావుగంట నడుము వాల్చి లేచుట మన పెద్దల అలవాటు. మంచిదే, కాని గడియారమునకు ఆ పావుగంటను అప్పగించి పడుకొనవలెను.

శ్రోతలారా, ఇంతవరకు నేను సుఖములను గూర్చి ఇష్టముగా చెప్పితిని. ఇప్పుడొక కఠినమైన ప్రశ్న అడుగవలసియున్నది. ఆ పదిన్నర చాయ్‌ని ఎవరు కాచుచున్నారు? ఆ సర్వపిండిని ఎవరు ఒత్తుచున్నారు? జాతీయ గణాంక కార్యాలయము 2019లో దేశమంతట కాలవినియోగముపై ఒక సర్వే జరిపినది. జీతములేని ఇంటిపనులు చేయువారిలో స్త్రీ దినమునకు సగటున 299 నిమిషములును, పురుషుడు 97 నిమిషములును వానికై వెచ్చించుచున్నారని అందు తేలినది. ఇది లాక్‌డౌన్‌కు ముందటి లెక్క. అటుపిమ్మట ఇంటిలోని నలుగురును ఇంటనే ఉండి, ముప్పూటల ఇంటనే తినుచుండగా ఆ 299 నిమిషములు ఎంత పెరిగియుండునో ఊహించుటకు సర్వేతో పనిలేదు. ఇంటి ఇల్లాలిది ఎన్నడును ఇంటి కొలువే; దానికి లాగిన్ లేదు, లాగౌట్ లేదు, ఆదివారము లేదు. ఆ ఇల్లాలే ఉద్యోగినియు ఐనప్పుడు ఆమె స్థితి ఏమి? "అత్తమ్మా, కాల్‌లో ఉన్నా" అని గది తలుపు దగ్గరనుండి చేయి ఊపిన కోడలికిని, "నాయనా, కాల్‌లో ఉన్నావా" అని తల్లి చప్పుడు చేయక చాయ్ బల్లమీద పెట్టి పోయిన కొడుకునకును ఒకే ఇంట దొరకుచున్న మన్నన ఒకటి కాదు. కొడుకు పనిచేయుచున్నాడని ఇల్లంతయు గుసగుసలాడును. కోడలు పనిచేయుచున్నను కుక్కరు దింపుటకు ఆమెనే పిలుచును.

దీనిని నేను చిన్న విషయముగా చెప్పుట లేదు. ఒకరి సుఖము మరియొకరి శ్రమగా మారినచో ఆ సుఖము న్యాయమైనది కాదు. మల్లేశంగారి తల్లి భుజములనొప్పి ఆమె ఒక్కతెకు మాత్రమే తెలిసియుండినచో ఆసుయంత్రము పుట్టెడిది కాదు. కొడుకు చూచినాడు గనుక పుట్టినది. అట్లే నేటి ఉద్యోగియు తన విరామములో ఒకదానినైన ఇంటిపనికి ఈయవలెను. కూరగాయలు తరుగుట, ఆరిన బట్టలు మడచుట, చాయ్ కాచుట, ఇవన్నియు కన్నులకు తెరనుండి విశ్రాంతి, నడుమునకు కుర్చీనుండి విడుదల. వైద్యులు చెప్పిన విరామము, న్యాయము చెప్పు పంపకము ఈ పనులలో ఒక్కటిగా కలిసివచ్చుచున్నవి. ఈ యోగమును విడిచిపెట్టువాడు తనకును మేలు చేసికొనడు.

ఇక సాయంకాలము. దినమును మొదలుపెట్టుటకంటె ముగించుట కష్టము. బస్సు పోవునన్న భయము లేదు, దీపములార్పు కాపలాదారు లేడు. ఇంకొక్క మెయిల్ అనుకొనుచు ఎనిమిదియగును, అమెరికావారు అప్పుడే మేల్కొందురు, పదియగును. ఫ్రాన్సు దేశమున 2017 జనవరి నుండి, పనివేళ ముగిసిన పిమ్మట ఉద్యోగి సందేశములకు బదులీయకుండు హక్కు చట్టములోనికి ఎక్కినది. 2021లో పోర్చుగల్ దేశము ఇంకొక అడుగు ముందునకు వేసి, పనివేళలు దాటిన తరువాత ఉద్యోగిని కదలింపరాదని యజమానులనే కట్టడిచేసినది. మన లోక్‌సభలో 2018 డిసెంబరున సుప్రియా సూలేగారు ఇట్టి హక్కుకై ఒక ప్రైవేటు బిల్లును ప్రవేశపెట్టినారు. అది చట్టము కాలేదు. చట్టము వచ్చువరకు మనకు మనమే గంట కొట్టుకొనవలెను. లాప్‌టాప్ మూసి, సంచిలో పెట్టి, ఆ సంచిని బీరువాలో పెట్టి తలుపు వేయువారు ఈ కాలనీలలో కొందరున్నారు. అది మంచి పద్ధతి. బల్లపై తెరచియుంచిన యంత్రము రాత్రి భోజనవేళ సైతము పిలుచుచునే ఉండును. మూసిన పిమ్మట మరల ఒకమారు వీధిలోనికి పోయి, పాల ప్యాకెట్టుకో, కొత్తిమీర కట్టకో అంగడివరకు నడచి రావలెను. ఆ తిరిగివచ్చుటయే ఇంటికి వచ్చుట.

కాలము మరల మారుచున్నది. వారమునకు రెండుమూడు దినములైన రమ్మని కంపెనీలు పిలుచుచున్నవి. 2023 ఏప్రిల్‌నుండి సికింద్రాబాదు, మేడ్చల్‌ల నడుమ ఎంఎంటీఎస్ రైళ్ళు నడచుచున్నవి. 2022లో కండ్లకోయయందు ఐటీ పార్కునకు శంకుస్థాపన జరిగినది. ఉద్యోగములే ఉత్తరమునకు వచ్చినచో, పగలంతయు దారులమీద గడపనక్కరలేని దినము కొందరికైనను కలుగవచ్చును. ఏ ఏర్పాటు నిలిచినను, ఇంట కొంత, కచేరిలో కొంత పని చాలకాలము సాగుననియే నా నమ్మకము.

కనుక రెండు మనవులు. కంపెనీలను నడుపు పెద్దలకు: మీ యొద్ద పనిచేయువారు ఇంటనున్న దినమున, వారి చాయ్‌వేళను, భోజనవేళను, రాత్రివేళను మీటింగులతో నింపకుడు, వారి కుర్చీకి, బల్లకు, దీపమునకు అయ్యెడి ఖర్చులో మీరును పాలు పంచుకొనుడు. ఇంటివారికి: మీ ఇంట తెరముందు కూర్చున్నవారు ఆడువారైనను మగవారైనను, ఈ సాయంకాలము పని ఎన్ని గంటలకు ముగింతురో అడుగుడు, చెప్పిన గంటకు మూయింపుడు, దినమెల్ల వంటింట ఉన్న మనిషిని కూర్చుండబెట్టి, ఆ పూట చాయ్ మీలో మరియొకరు కాచి యిండు.